క్రీపేజ్ అంకె చూసి ఇన్సులేటర్ కొనొద్దు: పింగాణీ, గాజు, పాలిమర్ రకాలపై రివ్యూ

220 కేవీ (కిలోవోల్టుల) లైన్లు మూడు ఉన్నాయనుకుందాం. ఒకటి గాజువాక వైపు ఉప్పుగాలిలో, ఇంకొకటి మేళ్లచెరువు సిమెంటు దుమ్ములో, మూడోది లేహ్ కొండల మీద. మూడింటికీ ఇన్సులేటర్లు, అంటే కరెంటు తీగను టవర్‌కు తగలకుండా పట్టి ఉంచేవి, కొనాలి. ఏ కంపెనీ కేటలాగ్ తెరిచినా ముందు కనపడేది ఒకే అంకె: క్రీపేజ్ ఇన్ని మిల్లీమీటర్లు. ఆ అంకె గాజువాకకు సగం జవాబు. మేళ్లచెరువుకు పావు జవాబు. లేహ్‌కు అది జవాబే కాదు. మార్కెట్లో దొరికే మామూలు పింగాణీ డిస్క్, యాంటీఫాగ్ డిస్క్, టఫెన్డ్ గాజు డిస్క్, సిలికోన్ రబ్బరు పాలిమర్ రకాలను ఈ మూడు చోట్లకూ పెట్టి చూస్తున్నాం. వాటితో పాటు ఆర్‌టీవీ (గది ఉష్ణోగ్రతలో గట్టిపడే సిలికోన్) పూత, లైన్ ఆపకుండానే నీటితో కడిగే హాట్‌లైన్ వాషింగ్ సేవ కూడా.

క్రీపేజ్ అంటే లైవ్ వైపు (కరెంటున్న తీగ వైపు) లోహం నుంచి టవర్ వైపు లోహం దాకా ఇన్సులేటర్ ఉపరితలం వెంట, మడతలన్నీ కలుపుకుని కొలిచిన దూరం. డ్రై ఆర్క్ దూరం అంటే అదే రెండు లోహాల మధ్య గాలిలో నేరుగా ఉండే దూరం. కాలుష్యం మొదటిదాని మీద దెబ్బ కొడుతుంది, ఎత్తు రెండోదాని మీద. ఈ రెండింటినీ కలిపేసి టెండర్ రాయడంతోనే సగం తప్పు కొనుగోళ్లు జరుగుతున్నాయి.

ఉప్పు పొడిగా ఉన్నంతసేపు ఏమీ కాదు

ఇన్సులేటర్ మీద ఉప్పు, బూడిద, సిమెంటు ఎంత పేరుకున్నా పొడిగా ఉంటే లైన్ హాయిగా నడుస్తుంది. కుండపోత వానలోనూ పెద్దగా భయం లేదు, ఆ వానే కడిగేస్తుంది. ప్రమాదమంతా తెల్లవారుజామున మూడు నుంచి ఏడు గంటల మధ్య. రాత్రంతా ఆకాశానికి వేడి వదిలేసిన ఇన్సులేటర్ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది, దాని మీద మంచు తేమ పడుతుంది. పొగమంచు, సన్నజల్లు కూడా ఇదే పని చేస్తాయి: ఉప్పును కరిగిస్తాయి గానీ కడిగి తీసుకెళ్లవు. తడిసిన పొర కరెంటును పారనిస్తుంది. డిస్క్ అడుగున ఉండే లోహపు పిన్ చుట్టూ చుట్టుకొలత తక్కువ కాబట్టి కరెంటు అక్కడ ఒత్తుగా పారుతుంది. అక్కడ ముందు వేడెక్కి ఒక పొడి పట్టీ ఏర్పడుతుంది. ఆ డిస్క్ భరించాల్సిన వోల్టేజీ దాదాపు మొత్తం ఆ సన్నని పట్టీ మీదే పడుతుంది. చిటపటమంటూ చిన్న ఆర్కులు మొదలవుతాయి. మిగతా పొర నిరోధం వాటిని ఆపగలిగితే ఆరిపోతాయి, ఆపలేకపోతే ఒకదాన్నొకటి అందుకుని స్ట్రింగ్ (గొలుసులా కలిపిన డిస్కుల వరుస) మొత్తాన్ని దాటేస్తాయి. దీన్నే ఫ్లాష్‌ఓవర్ అంటారు. పిడుగు అక్కర్లేదు, స్విచింగ్ సర్జ్ (లైన్ స్విచ్ చేసినప్పుడు ఎగిసే వోల్టేజీ) అక్కర్లేదు. రోజూ ఉండే వోల్టేజీకే ఇది జరుగుతుంది.

లోపాన్ని పసిగట్టి లైన్‌ను ఆపించే రిలే రికార్డు చూసేవాళ్లకు ఒక గుర్తు. పక్షి రెట్ట తీగలా జారడం వల్ల వచ్చిన ట్రిప్ (లైన్ ఆగిపోవడం) అయితే ఆటో రీక్లోజ్ (లైన్ తనంతట తానే మళ్లీ కలవడం) సాధారణంగా నిలబడుతుంది, ఎందుకంటే కారణం కిందపడిపోయింది. కాలుష్యం వల్ల వచ్చిన ట్రిప్ అయితే రీక్లోజ్ అయి మళ్లీ ట్రిప్ అవుతుంది, తేమ ఇంకా అక్కడే ఉంది. అదే ఉదయం పక్క లైన్ కూడా పడిందంటే ఇక పక్షిని అనుమానించక్కర్లేదు.

మన కోస్తాలో, సిమెంటు ప్రాంతాల్లో ఏడాది లెక్క స్పష్టంగా ఉంటుంది. ఈశాన్య రుతుపవనం వెళ్లాక డిసెంబరు నుంచి కడిగే వాన ఉండదు. దుమ్ము పేరుకుంటూ పోతుంది. జనవరి, ఫిబ్రవరి మంచు ఉదయాలు ఒక గండం. వేసవి మొదట్లో పడే చిరుజల్లు రెండో గండం. తుపాను వచ్చినప్పుడు వేరే కథ: గాలి సముద్రపు నీటి తుంపరను కిలోమీటర్ల లోపలికి మోసుకొస్తుంది, తడి, ఉప్పు ఒకేసారి పడతాయి. అలాంటప్పుడు నెలల తరబడి పేరుకోవాల్సిన పని లేదు, కొన్ని గంటల్లోనే స్ట్రింగ్ పనికిరాని స్థితికి వస్తుంది.

మామూలు పింగాణీ డిస్క్

మన లైన్ల మీద అందరికీ తెలిసిన రకం ఇదే. 255 మి.మీ. వ్యాసం, 145 మి.మీ. అంతరం, 70 కిలోన్యూటన్ల బలం, 292 మి.మీ. దగ్గర్లో క్రీపేజ్. 132 కేవీ సస్పెన్షన్ స్ట్రింగ్‌కు (తీగను నిలువుగా వేలాడదీసేది) 9 డిస్కులు, 220 కేవీకి 14 వేయడం ఆనవాయితీ. లెక్క వేసి చూడండి. 14 డిస్కులకు 4088 మి.మీ. దాన్ని 220 కేవీ వ్యవస్థ గరిష్ఠ వోల్టేజీ 245తో భాగిస్తే కేవీకి 16.7 మి.మీ. వస్తుంది. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ పాత 815 పట్టికలో స్వల్ప కాలుష్యానికి 16, మధ్యస్థానికి 20, తీవ్రానికి 25, అతి తీవ్రానికి 31. అంటే ఆనవాయితీ స్ట్రింగ్ మొదటి గడిని అతి కష్టం మీద దాటుతోంది. ఊరికి దూరంగా, పొలాల మీదుగా పోయే లైన్‌కు ఇది చాలు. సముద్రం పక్కన చాలదు.

ఇక్కడే టెండర్లలో తరచూ దొర్లే గందరగోళం ఒకటుంది. 2008లో వచ్చిన ఐఈసీ 60815 అదే విషయాన్ని రెండు తీగల మధ్య వోల్టేజీతో కాకుండా, ఒక తీగ (ఫేజ్) నుంచి భూమికి ఉండే వోల్టేజీతో చెబుతుంది, అందుకే అంకెలు 27.8, 34.7, 43.3, 53.7 అని కనపడతాయి. ఇవి పాత 16, 20, 25, 31నే మూడు వర్గమూలంతో హెచ్చించినవి. అంతకంటే తక్కువ కాలుష్యానికి 22 అనే తరగతి అదనంగా చేరింది. పాత పద్ధతిలో 31 అడగాల్సిన చోట కొత్త పట్టికలోని 34.7 చూసి "ఇంకా ఎక్కువే కదా" అనుకుంటే మధ్యస్థ కాలుష్యానికి సరిపడే సరుకు చేతికొస్తుంది. కొనుగోలు పత్రంలో కేవీకి ఇన్ని మిల్లీమీటర్లు అని ఊరుకోకుండా, ఏ కేవీకో రాయాలి. అన్నిటికంటే మంచిది మొత్తం క్రీపేజ్‌ను మిల్లీమీటర్లలో రాసేయడం: 132 కేవీకి (గరిష్ఠం 145) 31 లెక్కన 4495, 220 కేవీకి (గరిష్ఠం 245) 7595, 400 కేవీకి (గరిష్ఠం 420) 13020.

పింగాణీకి ఇంకో లోపం లోపల దాగి ఉంటుంది. పైనున్న లోహపు టోపీకీ పిన్నుకూ మధ్య పింగాణీ పగిలి పంక్చర్ అయినా బయటికి డిస్క్ చక్కగా కనపడుతుంది. అలాంటి డిస్కులు స్ట్రింగ్‌లో రెండు మూడు ఉంటే మిగతావాటి మీద భారం పెరుగుతుంది. అంతకంటే దారుణం, ఫ్లాష్‌ఓవర్ కరెంటు ఆ పగులు గుండా పారితే లోపలి వేడికి టోపీ పేలి కండక్టర్ కిందపడుతుంది. కాబట్టి పింగాణీ కొంటే పంక్చర్ డిటెక్టర్‌తో క్రమంగా పరీక్షించే మనుషులనూ సమయాన్నీ కూడా కొన్నట్టే లెక్క.

యాంటీఫాగ్ డిస్క్: ఎక్కడ బాగుంటుంది, ఎక్కడ మోసపోతాం

అడుగున లోతైన పక్కటెముకలు పెట్టి, అదే 145 మి.మీ. అంతరంలో 430 మి.మీ. దాకా క్రీపేజ్ ఇరికించిన డిస్క్ ఇది. పాత 14 తీసి ఇవే 14 వేస్తే 6020 మి.మీ., అంటే కేవీకి 24.6. స్ట్రింగ్ పొడవు మారదు, కండక్టర్ ఎత్తు మారదు, టవర్ క్లియరెన్స్ మారదు. అదే మామూలు డిస్కులతో 31 లెక్కకు వెళ్లాలంటే దాదాపు 26 కావాలి. రెండు మీటర్ల స్ట్రింగ్ 3.77 మీటర్లవుతుంది. ఏ క్రాస్ ఆర్మ్ (టవర్ అడ్డచెయ్యి) దగ్గరా అంత చోటుండదు. అందుకే ఉన్న లైన్‌ను ఒక మెట్టు పైకి తేవడానికి యాంటీఫాగ్ సులువైన దారి.

సముద్రపు పొగమంచుకు ఇది నిజంగా మంచి సరుకు. ఉప్పు తుంపర లోపలి మడతల దాకా అంత తేలిగ్గా చేరదు కాబట్టి అడుగు భాగం పొడిగా నిలుస్తుంది. విశాఖ పోర్టు, కృష్ణపట్నం లాంటి చోట్ల పింగాణీలోనే ఉండాలనుకుంటే దీన్నే ఎంచుకోవాలి.

సిమెంటు దుమ్ముకు మాత్రం దీన్ని మేము సిఫారసు చేయం. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, జగ్గయ్యపేట, తాడిపత్రి, ఎర్రగుంట్ల పట్టీల్లో గాలి మోసుకొచ్చే సన్నని పొడి ఆ మడతల్లో చేరి కూర్చుంటుంది. సస్పెన్షన్ స్ట్రింగ్ అడుగు భాగానికి వాన తగలదు. మంచు తేమకు ఆ పొడి గట్టిపడి పెచ్చులా అంటుకుంటుంది. తర్వాత నీటి జెట్ కూడా దాన్ని ఊడబెరకదు, షట్‌డౌన్ తీసుకుని చేత్తో గీకాల్సిందే. లోతైన మడతల్లోకి చెయ్యి సరిగా పోదు. ఇలాంటి చోట అడుగు నున్నగా, పక్కటెముకలు లేకుండా ఉండే ఓపెన్ ప్రొఫైల్ డిస్క్ క్రీపేజ్‌లో తక్కువగా కనపడినా నిజంగా ఎక్కువ పని చేస్తుంది, గాలికే దుమ్ము జారిపోతుంది. క్రీపేజ్ అంకె మాత్రమే చూసేవారికి ఈ తేడా కేటలాగ్‌లో ఎక్కడా దొరకదు. లైన్ లాగుడును పట్టే టెన్షన్ స్ట్రింగ్‌లు అడ్డంగా ఉండటం వల్ల రెండు వైపులా వానకు కడుక్కుంటాయి. అందుకే బడ్జెట్ తక్కువైతే ముందు సస్పెన్షన్ స్ట్రింగ్‌లు మార్చండి.

గాజు

టఫెన్డ్ గాజు డిస్క్ ఆకారంలోనూ క్రీపేజ్‌లోనూ పింగాణీకి దగ్గరే, కాలుష్యంలో ప్రవర్తన కూడా దాదాపు అంతే. దీని గొప్పతనం తనిఖీలో. గాజు చెడితే దాచుకోదు, మొత్తం చిన్న ముక్కలుగా రాలిపోతుంది. టోపీ, పిన్ మధ్య మిగిలిన మొద్దు కండక్టర్ బరువును పట్టి ఉంచుతుంది. లైన్‌మన్ కింద నుంచి బైనాక్యులర్‌తో చూసి ఫలానా టవర్‌లో ఫలానా ఫేజ్‌లో ఒకటి పోయిందని రాసుకోవచ్చు. పంక్చర్ డిటెక్టర్ పని లేదు.

లోపాలు రెండు. రోడ్డు పక్కన, ఊళ్ల దగ్గర రాళ్ల దెబ్బలకు ఇదే మొదట బలవుతుంది. ఇక సముద్రం పక్కన లీకేజీ కరెంటు పిన్ మీది జింకు పూతను తినేసి ఇనుముకు చేరుతుంది, తుప్పు ఉబ్బి లోపలి నుంచి ఒత్తిడి పెంచుతుంది. తుప్పు బాధ పింగాణీకీ ఉంది. ఏ డిస్క్ కొన్నా తీరానికైతే పిన్‌కు శుద్ధ జింక్ కాలర్ ఉండాలని ముందే అడగాలి. కాలర్ కరిగిపోతుంది, పిన్ మిగులుతుంది.

పాలిమర్: తీరానికి మా మొదటి ఎంపిక, కొన్ని షరతులతో

లోపల గాజునార రాడ్, దానిపైన సిలికోన్ రబ్బరు తొడుగూ షెడ్లూ (గొడుగుల్లాంటి అంచులు), రెండు చివర్లా నొక్కి బిగించిన లోహపు ఫిట్టింగులు. బరువు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 14 డిస్కుల స్ట్రింగ్ 70 కిలోలు తూగితే 220 కేవీ పాలిమర్ పది, పన్నెండు కిలోల్లో ముగుస్తుంది. ఇవి హైదరాబాద్‌లోనూ తయారవుతాయి. ఎలక్ట్రిక్ బస్సులతో పేరుపడ్డ ఒలెక్ట్రా గ్రీన్‌టెక్, గోల్డ్‌స్టోన్ ఇన్‌ఫ్రాటెక్ అన్న పేరుతో ఉన్నప్పటి నుంచీ పాలిమర్ ఇన్సులేటర్లు చేస్తోంది.

దీని అసలు విలువ బరువులో లేదు, ఉపరితలంలో ఉంది. సిలికోన్ మీద నీరు పొరగా పరుచుకోదు, తామరాకు మీద బొట్లలా విడివిడిగా నిలుస్తుంది. అంతకంటే విశేషం, రబ్బరులోని చిన్న సిలోక్సేన్ అణువులు పైకి ఊరి, మీద పేరుకున్న ఉప్పు, దుమ్ము పొరకు కూడా అదే గుణాన్ని అంటిస్తాయి. మురికిగా ఉన్నా తడి అతుక్కోదు, కరెంటు పారే దారి ఏర్పడదు. పింగాణీకీ గాజుకీ ఈ విద్య లేదు. ఈపీడీఎం అనే మరో రకం రబ్బరుకూ లేదు, కాబట్టి "పాలిమర్" అన్న ఒక్క మాట చూసి కొనకండి. సిలికోన్ అనీ, అందులోనూ హెచ్‌టీవీ (అధిక వేడిలో గట్టిపరిచిన) రకమనీ రాయించుకోండి. సిలికోన్ శాతం 30కి తగ్గకూడదని మన దగ్గర కొనుగోలు నిబంధనల్లో అడుగుతుంటారు, ఆ షరతు వదులుకోవద్దు. ఉత్తర భారతంలో శీతాకాలపు పొగమంచుకు లైన్లు పడుతుంటే కేంద్ర విద్యుత్ ప్రసార సంస్థ పవర్‌గ్రిడ్ పింగాణీ తీసి పాలిమర్ వేసుకుంటూ వచ్చింది ఈ గుణం కోసమే.

షరతులు ఇవీ. నీటిని తోసే గుణం శాశ్వతం కాదు. రోజుల తరబడి ఎడతెగని తడి, మీద మీద చిన్న ఆర్కులు ఉంటే అది తాత్కాలికంగా పోతుంది. పొడి వాతావరణం వచ్చాక గంటల నుంచి రోజుల్లో తిరిగొస్తుంది. ఆ మధ్య కాలంలో ఇన్సులేటర్‌ను కాపాడేది క్రీపేజే. అందుకే "సిలికోన్ కదా, 25 చాలు" అని సముద్రానికి కిలోమీటరు లోపు తగ్గించడం పొరపాటు, 31 లెక్కకే ఉండండి. అలాగని తక్కువ పొడవులో ఎక్కువ క్రీపేజ్ ఇరికించిన నమూనాలు కూడా కొనకండి. రెండు షెడ్ల మధ్య దూరాన్ని షెడ్ బయటికి వచ్చిన పొడవుతో భాగిస్తే 0.75కి తగ్గకూడదు. మొత్తం క్రీపేజ్ డ్రై ఆర్క్ దూరానికి నాలుగు రెట్లు దాటుతుంటే అనుమానించాలి. షెడ్లు మరీ దగ్గరైతే ఆర్క్ మడతల వెంట పోకుండా షెడ్డు నుంచి షెడ్డుకు దూకుతుంది, డబ్బిచ్చి కొన్న క్రీపేజ్ వృథా.

రెండో షరతు రాడ్ గురించి. చివర సీలు సరిగా లేక తేమ లోపలికి పోతే, కరోనా (లోహం చుట్టూ గాలిలోకి లీకయ్యే విద్యుత్తు) వల్ల పుట్టే నైట్రిక్ ఆమ్లంతో కలిసి గాజునారను తినేస్తుంది. రాడ్ అడ్డంగా, కత్తితో కోసినట్టు విరిగిపోతుంది, కండక్టర్ నేలమీదికి వస్తుంది. పంక్చర్ పింగాణీకైనా డిటెక్టర్ ఉంది, దీనికి ముందస్తు హెచ్చరిక తక్కువ. ఆమ్లాన్ని తట్టుకునే ఈసీఆర్ రకం గాజునార రాడ్ మాత్రమే తీసుకోవాలి. రాడ్ మీద రబ్బరు తొడుగు మందం ఎక్కడా 3 మి.మీ.కి తగ్గకూడదు. 220 కేవీకి లైవ్ వైపు, 400 కేవీకి రెండు వైపులా కరోనా రింగ్ (కరోనాను అణచే లోహపు వలయం) ఉండాలి, అదీ సరైన దిశలో బిగించి ఉండాలి. తలకిందులుగా బిగించిన రింగ్ ఉన్నా లేనట్టే, చివరి సీలు దగ్గర కరోనా రోజూ కాలుస్తూనే ఉంటుంది.

వేసిన పాలిమర్ ఎలా ఉందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. షట్‌డౌన్ దొరికినప్పుడు మామూలు స్ప్రే సీసాతో 25 సెం.మీ. దూరం నుంచి, సెకనుకు ఒకటి రెండు చొప్పున 20–30 సెకన్లు నీరు కొట్టి, పది సెకన్లలోపు చూడండి. గుండ్రని విడి బొట్లైతే మొదటి తరగతి, మంచిదే. నీరంతా పలచని పొరలా పరుచుకుంటే ఏడో తరగతి, దాని పని అయిపోయినట్టే. మధ్యలో నాలుగు, ఐదు వచ్చినవాటిని గుర్తు పెట్టుకుని పొడి రోజులు గడిచాక మళ్లీ చూడాలి. కోలుకోకపోతే మార్చాలి. లైన్ నడుస్తున్నప్పుడైతే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో ఫిట్టింగ్ పక్కన రాడ్ వేడిగా కనపడటం, అతినీలలోహిత కెమెరాలో నిలకడగా కరోనా కనపడటం, ఈ రెండూ రాసుకోవాల్సిన గుర్తులు.

ఎత్తు: లేహ్‌లో లెక్క తలకిందులవుతుంది

ముందు మన రాష్ట్రాల మాట. హైదరాబాద్ 540 మీటర్ల దగ్గర ఉంది, అరకు, లంబసింగి వెయ్యి మీటర్ల దగ్గర ఆగుతాయి. ఇన్సులేటర్ల రేటింగులు 1000 మీటర్ల దాకా అలాగే చెల్లుతాయి. కాబట్టి ఏజెన్సీ లైన్లకు "ఎత్తు ప్రాంతం" అంటూ అదనపు ఖర్చు చూపించే కొటేషన్లు వస్తే ప్రశ్నించండి.

శ్రీనగర్ నుంచి ద్రాస్, కార్గిల్ మీదుగా లేహ్ చేరే 220 కేవీ లైన్, 2019 ఫిబ్రవరిలో జాతికి అంకితమైనది, అసలైన ఎత్తు కేసు. ద్రాస్ 3280 మీటర్ల దగ్గర, లేహ్ 3500 మీటర్ల దగ్గర. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. గాలి పలచబడితే ఎలక్ట్రాన్ ఒక ఢీకి మరో ఢీకి మధ్య ఎక్కువ దూరం పరుగెత్తుతుంది, ఎక్కువ శక్తి పోగేసుకుంటుంది, తక్కువ వోల్టేజీకే గాలి తెగిపోతుంది. ఐఈసీ 60071లోని ఘాతాంక సూత్రంలో హారం 8150 మీటర్లు. వెయ్యి పోగా మిగిలిన 2500 మీటర్లకు గుణకం 1.36 వస్తుంది. 220 కేవీ లైన్ పిడుగు తట్టుకునే స్థాయి 1050 కేవీ అయితే, లేహ్‌లో అదే భద్రతకు మైదానంలో పరీక్షించినప్పుడు 1427 నిలవాలి. 1425 అనేది 400 కేవీ పరికరాలకు వాడే స్థాయి. లేహ్‌లోని 220కి గాలి దూరం దాదాపు మన 400 అంత కావాలన్నమాట.

ఇప్పుడు కాలుష్యం వైపు. మురికి ఇన్సులేటర్‌కు ఆ సూత్రంలోని ఘాతం తగ్గుతుంది: మామూలు ఆకారానికి 0.5, యాంటీఫాగ్‌కు 0.8 వరకు. లేహ్ ఎత్తుకు గుణకాలు 1.17, 1.28 వస్తాయి. యాంటీఫాగ్‌కే ఎందుకు ఎక్కువ? పలచని గాలిలో ఆర్క్ సన్నగా ఉపరితలాన్ని అంటిపెట్టుకుని ఉండదు, బయటికి విల్లులా వంగి లేస్తుంది. లోతైన పక్కటెముకల మధ్య గాలి సందును అది ఒక్క గెంతులో దాటేస్తుంది. కింద సముద్రం పక్కన లాభమిచ్చిన ఆకారమే పైన అక్కరకు రాదు.

డిస్కుల్లో చూద్దాం. 14 మామూలు డిస్కులు కాలుష్యపు గుణకంతో 17 అవుతాయి. పిడుగు లెక్కకు కావాల్సిన 2.6 మీటర్లకు పైగా గాలి దూరం రావాలంటే 18 లేక 19 కావాలి. పెద్ద అంకె గెలుస్తుంది. ఇక్కడ 14 యాంటీఫాగ్ వేస్తే క్రీపేజ్ కాగితం మీద ఘనంగా 6020 కనపడుతుంది, గాలి దూరం మాత్రం అదే రెండు మీటర్ల దగ్గర ఉండిపోతుంది. లేహ్‌కు కొనాల్సింది పొడవు. స్ట్రింగ్ పెరిగితే గాలికి ఊగే దూరం, జంపర్ (టవర్ దగ్గర రెండు వైపుల లైన్‌ను కలిపే తీగ) క్లియరెన్స్ కూడా పెరగాలి, వాటికీ గాలి గుణకం వర్తిస్తుంది. అందువల్ల ఎత్తు లెక్కను టవర్ డిజైన్ దశలోనే వేయాలి. నిలబెట్టేసిన టవర్‌కు తర్వాత నాలుగు డిస్కులు కలపడం సాధ్యపడదు. సబ్‌స్టేషన్లలో ఈ బాధ తప్పించుకోవడానికే ఆ మార్గంలో గ్యాస్ ఇన్సులేటెడ్ పరికరాలు పెట్టారు. మూసిన గదిలోని వాయువుకు బయటి ఎత్తుతో పని లేదు.

లేహ్‌లో ఏడాదికి పడే వాన, మంచు కలిపి 100 మి.మీ. దగ్గరే. ఉప్పు లేదు, ఫ్యాక్టరీ పొగ లేదు, కానీ పడిన దుమ్మును కడిగేవాళ్లూ లేరు. కాబట్టి కాలుష్యాన్ని సున్నాగా రాయకూడదు. ఓపెన్ ప్రొఫైల్ గాజు డిస్క్ మా మొదటి ఎంపిక: దుమ్ము జారుతుంది, చెడిపోయినది లోయ అవతలి నుంచే కనపడుతుంది. సామాను మనుషులు మోయాల్సిన టవర్లకు పాలిమర్. అయితే క్రీపేజ్ చెప్పి కాదు, డ్రై ఆర్క్ దూరం చెప్పి ఆర్డర్ చేయాలి. మైదానపు కరోనా రింగ్ అక్కడ చాలదు, కరోనా తక్కువ వోల్టేజీకే మొదలవుతుంది కాబట్టి పెద్దది కావాలి. వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం చొప్పున పెరిగే అతినీలలోహిత కిరణాలకు రబ్బరు నిలుస్తుందన్న పరీక్ష పత్రం కూడా అడగాలి. మంచు పేరుకుని షెడ్ల మధ్య వంతెన కట్టకుండా ఒక పెద్ద షెడ్డు, ఒక చిన్న షెడ్డు వరుస ఉన్న నమూనా మేలు.

ఆర్‌టీవీ పూత, కడిగే సేవ

సబ్‌స్టేషన్‌లో బుషింగులు (తీగ పరికరంలోకి దిగే చోటి ఇన్సులేటర్లు), సీటీలు (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు), పోస్ట్ ఇన్సులేటర్లు తీసి పాలిమర్ పెట్టడం అంత సులువు కాదు. వాటికి గది ఉష్ణోగ్రతలోనే గట్టిపడే సిలికోన్ పూత మంచి పరిష్కారం. 0.3 నుంచి 0.5 మి.మీ. మందం రావాలి. పూత విఫలమయ్యే కారణం దాదాపు ఎప్పుడూ పని చేసిన తీరే: కింద తడి, గ్రీజు, సిమెంటు పెచ్చు మిగిలి ఉండగా స్ప్రే కొట్టడం. ముందు కడిగి, తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, తర్వాతే కొట్టాలి. పాత సిలికోన్ గ్రీజు పద్ధతి ఇంకా కొన్నిచోట్ల ఉంది. అది ఏడాది రెండేళ్లలో మురికితో నిండిపోతుంది, తీసి మళ్లీ పూయకపోతే ఆర్కులకు కాలి పింగాణీని కూడా పాడు చేస్తుంది. కొత్తగా ఎవరూ మొదలుపెట్టకండి.

హాట్‌లైన్ వాషింగ్ ఉప్పుకూ వదులు దుమ్ముకూ బాగా పని చేస్తుంది, గట్టిపడిన సిమెంటుకు డబ్బు దండగ. ఏజెన్సీని పిలిస్తే మూడు చూడండి. డీమినరలైజ్డ్ (ఖనిజ లవణాలు తీసేసిన) నీటి నిరోధకతను ట్యాంకు దగ్గర కాకుండా నాజిల్ దగ్గర కొలవాలి, ట్యాంకర్ మారిన ప్రతిసారీ కొలవాలి. నిలువు స్ట్రింగ్‌ను కింది నుంచి పైకి కడగాలి. పైనుంచి మొదలుపెడితే మురికి నీరు కింది పొడి డిస్కుల మీదికి కారి అక్కడే ఫ్లాష్‌ఓవర్ చేయిస్తుంది. గాలి ఎటు పోతోందో ఆ చివర ఉన్న ఇన్సులేటర్లు ముందు, గాలి వచ్చే వైపువి తర్వాత. మంచు పట్టిన ఉదయం ఈ పని పెట్టుకోనే కూడదు.

ఎప్పుడు కడగాలో క్యాలెండర్ చెప్పకూడదు, కొలత చెప్పాలి. కరెంటు లేని ఒక డమ్మీ డిస్క్‌ను టవర్‌కు కట్టి, నెలకోసారి దింపి, 300 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీటిలో దూదితో దాని ఉపరితలమంతా తుడిచి, ఆ నీటి వాహకత కొలవండి. డిస్క్ ఉపరితలం 1600 చదరపు సెం.మీ. అనుకుంటే, 20 డిగ్రీల దగ్గర మీటర్ సెంటీమీటరుకు 1000 మైక్రోసీమెన్స్ చూపించినప్పుడు ఉప్పు సాంద్రత చదరపు సెంటీమీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటినట్టు. అమెరికన్ ఐఈఈఈ వర్గీకరణలో అది తీవ్ర కాలుష్యం మొదలయ్యే గీత. ఆ గీత చేరేలోపే కడగాలి. మిగిలిన నీటిని వడకట్టి, ఆరబెట్టి, కరగని మట్టిని కూడా తూచండి. సిమెంటు, బూడిద పట్టీల్లో అసలు సంగతి అందులోనే తెలుస్తుంది: ఉప్పు తక్కువే ఉన్నా ఆ మట్టి తేమను పట్టి ఉంచుతుంది.

పాలిమర్ సరుకు స్టోర్‌కు వచ్చిన రోజు పెట్టె తెరిచి, షెడ్లు వంగి ఉన్నాయా, ఫిట్టింగు దగ్గర సీలు లేచిందా, రాడ్ మీద కోతలున్నాయా చూసి సంతకం పెట్టండి. టవర్ మీదికి ఎత్తేటప్పుడు తాడు లోహపు చివర్లకే కట్టాలి, షెడ్ల చుట్టూ కాదు. దాని మీద కాలు పెట్టి ఎక్కడం అసలే వద్దు. రాడ్‌లో వచ్చిన పగులు బయటికి కనపడదు. బిగించే దాకా కంపెనీ ఇచ్చిన గొట్టాల్లోనే, మూతలు పెట్టి ఉంచండి. స్టోర్‌లో విప్పి గోడకు ఆనించిన పాలిమర్ షెడ్లను ఎలుకలు కొరుకుతాయి. అలా కొరికినది చిన్న గాటే అయినా లైన్‌కు వేయకుండా పక్కన పెట్టేయాలి.